హమామత్సు పెద్దలకు: తెగిన పోగు కొస ఇంకా మీ చేతికి అందేలోనే ఉంది

సుజుకీ మోటార్ కార్పొరేషన్ డైరెక్టర్లకు,
హమామత్సు, జపాన్.

నమస్కారం.

మీ సంస్థ మగ్గాలతో మొదలైంది. 1909లో మిచియో సుజుకీ హమామత్సులో మగ్గాలు తయారుచేసే పని పెట్టుకున్నారు. మోటారు కట్టిన సైకిలు అక్కణ్ణుంచి బయటికి రావడానికి నలభై ఏళ్లు దాటింది. 1952లో వచ్చిన పవర్ ఫ్రీ కేవలం 36 సీసీ బండి. కాబట్టి నేత గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. మగ్గం మీద పోగు తెగడం రోజూ జరిగేదే. తెగిన కొస దొరికితే ముడి వేస్తారు, నేత సాగుతుంది. కొస దొరక్కపోతే పని ఆగుతుంది.

ముప్ఫై ఏళ్లుగా మీ మోటార్‌సైకిల్ రేసింగ్ టీమును వెంబడిస్తున్నవాణ్ణి. దాని చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ పోగు సంగతే గుర్తొస్తుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి మీరు నాలుగుసార్లు తప్పుకున్నారు: 1967లో, 1983లో, 2011లో, 2022లో. మొదటి మూడుసార్లూ తెగిన కొస ఎవరో ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఒకసారి ఒక ప్రైవేటు రైడరు, ఇంకోసారి బ్రిటన్‌లోనో ఇటలీలోనో ఒక చిన్న టీము, మరోసారి మీ సొంత ఇంజనీర్లు. వాళ్లు పట్టుకున్నారు కాబట్టే మీరు తిరిగి వచ్చారు, గెలిచారు. నాలుగోసారి ఆ కొసను పట్టుకునే అవకాశం మీరు ఎవరికీ ఇవ్వలేదు. నేను రాయాలనుకున్నది దాని గురించే. మధ్యలో పాత సంగతులు చాలా వస్తాయి. అవి మీకు తెలియవని కాదు, వాటిని ఒక వరసలో పెట్టి చూడమని.

1960 జూన్. బ్రిటన్ పక్కనున్న దీవిలో జరిగే పేరున్న రేసు ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ, 125 సీసీ తరగతి. జపాన్ నుంచి మూడు కొలెడా ఆర్‌టీ60 బండ్లు పట్టుకెళ్లారు. మూడూ గీత దాటాయి: 15వ స్థానంలో తోషియో మాత్సుమోతో, 16వ స్థానంలో మిచియో ఇచినో, 18వ స్థానంలో రే ఫే. ఈ అంకెలు చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ ఆ కొండదారి అరవై కిలోమీటర్లు. రాతిగోడల మధ్య, ఊళ్ల నడుమ, పొగమంచులో సాగే దారి. ముందెప్పుడూ ఆ దీవిలో పోటీ చేయని టీము, మూడుకు మూడు బండ్లను చివరిదాకా నడిపించి తీసుకొచ్చింది. నా లెక్కలో మీ టీము చరిత్రలో తొలి గెలుపు అదే. ఈ మాట మీద చివర్లో మళ్లీ వస్తాను.

ఆ తర్వాతి ఏడాది జరిగింది మాత్రం రేసింగ్ కథల్లోకెల్లా కష్టమైన కథ. తూర్పు జర్మనీలోని ఎమ్‌జెడ్ కర్మాగారంలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు చేతిలో ఉన్నది కొద్దిపాటి డబ్బు, కొద్దిపాటి సామాను. వాటితోనే ఆయన టూ-స్ట్రోక్ ఇంజనుకు, అంటే పిస్టన్ రెండు కదలికల్లోనే పని ముగించే ఇంజనుకు, కొత్త ప్రాణం పోశాడు. పొగగొట్టం లోపలి ఆకారాన్ని మార్చాడు. బయటికి పోయే శబ్దతరంగం తిరిగి వచ్చి, సిలిండర్‌లోంచి జారిపోబోతున్న తాజా మిశ్రమాన్ని లోపలికి నెట్టేలా చేశాడు. దానికి తిరిగే డిస్క్ వాల్వును జత చేశాడు. ఒక రకంగా చెప్పాలంటే, ఊదిన గాలినే మళ్లీ పట్టుకుని పనిలో పెట్టాడు. ఆయన రైడరు ఎర్న్‌స్ట్ డేగ్నర్ 1961లో 125 సీసీ టైటిల్ అంచుదాకా వచ్చాడు. ఆ సెప్టెంబరులో స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్ రేసు తర్వాత తన దేశానికి తిరిగి వెళ్లకుండా పశ్చిమానికి దాటేశాడు. కుటుంబాన్ని అంతకుముందే రహస్యంగా సరిహద్దు దాటించారు. తర్వాత కాడెన్ దగ్గర నేర్చిన విద్యతో హమామత్సు చేరి మీ బండ్ల మీద పనిచేశాడు. 1962లో కొత్తగా మొదలైన 50 సీసీ ప్రపంచ టైటిల్‌ను మీకు తెచ్చిపెట్టాడు. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో మీ తొలి విజయం కూడా ఆ ఏడాది ఆయనదే. 1963లో జపాన్‌లోని సుజుకా సర్క్యూట్‌లో బండి పడి, మంటల్లో చిక్కుకుని, ముఖం కాలిపోయింది. ఆ సర్క్యూట్‌లో ఒక మలుపును ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఈ కథను మీ ముందు ఎందుకు పెడుతున్నానంటే, మీ మొదటి కిరీటం వెనక ఇంకో దేశంలో వదిలివేయబడ్డ ఒక ఇంజనీరు ఉన్నాడు. కాడెన్ అక్కడే ఉండిపోయాడు. తన చేతిలోంచి జారిపోయిన విద్య ఇంకొకరి జెండా కింద గెలవడాన్ని చూశాడు. మీ టీము చరిత్రను ఎవరు ఎంత గొప్పగా చెప్పినా, తొలి పుటలో ఆయన పేరు లేకపోతే అది సగం చరిత్రే. మీరు చెప్పేటప్పుడైనా పూర్తిగా చెప్పండి.

తర్వాతి నాలుగైదేళ్లు గబగబా గెలుస్తూ పోయారు. న్యూజిలాండ్ మనిషి హ్యూ ఆండర్సన్ 1963లో 50, 125 రెండు టైటిళ్లూ గెలిచాడు. అదే ఏడాది 50 సీసీ టీటీలో మిత్సువో ఇటో గెలిచాడు. ఆ దీవిలో టీటీ గెలిచిన జపాన్ రైడరు ఆయన ఒక్కడే. 1966, 67ల్లో హన్స్-గేయోర్గ్ ఆన్‌షైట్ 50 సీసీ టైటిళ్లు తెచ్చాడు. ఆనాటి మీ రెండు సిలిండర్ల 50 సీసీ బండికి పద్నాలుగు గేర్లు! నిమిషానికి 17,000 చుట్లు దాటి తిరిగే ఆ ఇంజనుకు శక్తి వచ్చేది సన్నని వేగపు మెట్టులో మాత్రమే. ఆ మెట్టు దిగితే ఇంజను చచ్చిపోయేది. అందుకే రైడరు కాలు క్షణం ఖాళీగా ఉండేది కాదు. గోళీసోడా సీసాలో సగం కూడా పట్టని ఇంజనును గంటకు నూటయాభై కిలోమీటర్లు దాటించడానికి మీ ఇంజనీర్లు ఎంత దూరం వెళ్లారో ఆ గేర్లపెట్టె ఒక్కటి చూస్తే చాలు.

1967 చివర్లో తప్పుకున్నారు. సిలిండర్లకూ గేర్లకూ హద్దు పెట్టే నిబంధనలు రాబోతున్నాయి, ఖర్చు పెరిగింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. ఎందుకంటే ఆ రోజు మీరు బండ్లను మాత్రం బయటివాళ్ల చేతుల్లో వదిలిపెట్టారు. దాంతో ఏం జరిగిందో చూడండి. ఆన్‌షైట్ 1968లో మీ బండి మీదే ఇంకో టైటిల్ గెలిచాడు. 1970లో డీటర్ బ్రౌన్ మీరు వాడి వదిలేసిన 125 బండి మీద ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అలాంటిదే మరో 125 బండి స్టువర్ట్ గ్రహమ్ దగ్గర ఉండేది. దాన్ని లండన్ కుర్రాడొకడు కొనుక్కున్నాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు. ఆ పాత బండితో 1971లో బెల్జియంలోని స్పాలో తన తొలి గ్రాండ్ ప్రి (ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్కో రేసును అలా పిలుస్తారు) గెలిచి, ఏడాది చివరికి ఏంజెల్ నియెటో తర్వాత రెండో స్థానంలో నిలిచాడు.

ఆ కుర్రాడి పేరు బ్యారీ షీన్.

మీరు అవసరం తీరిపోయిందనుకున్న బండి, నాలుగేళ్ల తర్వాత మీ టీము చరిత్రలోకెల్లా పెద్ద పేరును మీ గుమ్మం ముందుకు తెచ్చి నిలబెట్టింది. ఏ లెక్కల పుస్తకంలోనూ ఇది ముందుగా రాసి ఉండదు. అదే బండిని ఏ గోదాములోనో కప్పిపెట్టి ఉంటే షీన్ ఏ దారిన పోయేవాడో! ఆ మధ్యకాలంలోనే ఆస్ట్రేలియా రైడరు జాక్ ఫిండ్లే, మీ రోడ్డు బండి ఇంజను నుంచి పుట్టిన టీఆర్500 మీద, 1971 అల్‌స్టర్ గ్రాండ్ ప్రి గెలిచాడు. 500 సీసీ గ్రాండ్ ప్రిలో టూ-స్ట్రోక్ బండి గెలవడం అదే మొదలు. అప్పటికి ఆ తరగతిని పూర్తి స్థాయిలో ఏలాలని మీరే ఇంకా నిర్ణయించుకోలేదు.

1974లో ఆర్‌జీ500 వచ్చింది. నాలుగు సిలిండర్లను చతురస్రం నాలుగు మూలల్లో పెట్టినట్టు, ముందు రెండు, వెనక రెండు; స్క్వేర్-ఫోర్ అంటారు దాన్ని. డిస్క్ వాల్వులు, కార్బురేటర్లు రెండు పక్కలా. ముందు నుంచి చూస్తే ఇంజను బలిసినట్టు కనిపిస్తుంది, పక్క నుంచి చూస్తే పొట్టిగా. కాడెన్ విద్య, 50 సీసీ రోజుల్లో మీరు నేర్చుకున్న పనితనం, రెండూ అందులో కలిశాయి. 1975 మార్చిలో డేటోనాలో సాధన చేస్తుండగా, గంటకు 280 కిలోమీటర్ల దగ్గర, షీన్ బండి వెనక టైరు విచ్చిపోయింది. ఎడమ తొడ ఎముక, కుడి చెయ్యి, కాలర్ బోన్, పక్కటెముకలు విరిగాయి. ఏడు వారాలకే మళ్లీ బండెక్కాడు. జూన్‌లో ఆసెన్‌లో జియాకోమో అగోస్తినీని వెనక్కి నెట్టి తన మొదటి 500 సీసీ రేసు గెలిచాడు. 1976లో ఐదు రేసులు, టైటిల్. 1977లో ఆరు రేసులు, మళ్లీ టైటిల్. ఆ ఏడాది స్పాలో ఆయన గెలిచిన రేసు సగటు వేగం గంటకు 217 కిలోమీటర్లు.

ఈ రెండు టైటిళ్లప్పుడు షీన్ టీమును రేసు నుంచి రేసుకు మోసింది బ్రిటన్‌లోని సుజుకీ జీబీ వాళ్లు, హెరన్ పేరు కింద. ఇక 1976 నుంచి మీరు చేసిన ఇంకో పని నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఆర్‌జీ500ను ఎవరైనా డబ్బు పెట్టి కొనుక్కునేలా అమ్మకానికి పెట్టారు. వ్యానులో పడుకుంటూ, తన బండి తనే విప్పి బిగించుకుంటూ యూరప్ అంతా తిరిగే ప్రైవేటు రైడరుకు, దాదాపు ఛాంపియన్ నడిపే బండే దొరికింది. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్‌లో మొదటి మూడు స్థానాలూ మీ బండ్లవే: షీన్, ఫిన్లాండ్‌కు చెందిన తెపీ లాన్సివువోరి, అమెరికాకు చెందిన పాట్ హెన్నెన్. ఇమాత్రాలో హెన్నెన్ గెలిచినప్పుడు, 500 సీసీ గ్రాండ్ ప్రి గెలిచిన తొలి అమెరికన్ అయ్యాడు. 1976 నుంచి 1982 దాకా వరసగా ఏడేళ్లు తయారీదార్ల టైటిల్ మీదే. పోటీలో మీ బండ్లు అన్ని ఉండబట్టే ఆ ఏడేళ్లు వచ్చాయి. తలుపు తెరిచి పెట్టిన కాలంలోనే మీ ఇల్లు నిండుగా ఉంది.

1981లో మార్కో లుక్కినెల్లి, 1982లో ఫ్రాంకో ఉన్చీనీ 500 సీసీ టైటిళ్లు గెలిచారు. ఇద్దరూ ఇటలీలో రొబెర్తో గల్లీనా నడిపిన టీము మనుషులే. 1983లో మీ కర్మాగారం రెండోసారి చేతులు దులుపుకుంది. గల్లీనా దులుపుకోలేదు. హెరన్ కూడా. షీన్ 1984లో, తన చివరి ఏడాది, ప్రైవేటు సుజుకీ మీద దక్షిణాఫ్రికాలోని క్యలామీలో వానలో మూడో స్థానానికి వచ్చాడు. ఆ స్క్వేర్-ఫోర్ అప్పటికి పాతబడింది. మిగతా కంపెనీల వీ4లు, అంటే నాలుగు సిలిండర్లను వీ ఆకారంలో పెట్టిన ఇంజన్లు, దాన్ని నేరుగా సాగే దారుల్లో దాటేసి పోతున్నాయి. అయినా దాన్ని నడిపేవాళ్లు నడుపుతూనే ఉన్నారు. 1986లో టెక్సస్ నుంచి వచ్చిన ఒక పొడుగాటి కుర్రాడు తన మొదటి గ్రాండ్ ప్రి రేసులను ఆ పాత స్క్వేర్-ఫోర్ మీదే నడిపాడు. కెవిన్ ష్వాంట్జ్. మీ కర్మాగారం బయట ఉన్న రోజుల్లో, మీ పేరు మోసినవాళ్లు మీ కోసం కనిపెట్టిన మనిషి.

తర్వాతిది అందరికీ తెలిసిందే, కానీ నాకు చెప్పుకోవాలని ఉంది. ఆర్‌జీవీ500 వీ4తో 1987లో తిరిగి వచ్చారు. 1988 తొలి రేసు సుజుకాలో, హోండా సొంత సర్క్యూట్‌లో, ష్వాంట్జ్ గెలిచాడు. ఆయన 500లో గెలిచిన 25 రేసులూ మీ బండి మీదే. ఆ బండి ఎక్కువసార్లు నేరుగా సాగే దారిలో వెనకబడేది. వెనకబడిందంతా బ్రేకుల దగ్గర రాబట్టుకునేవాడు. 1991 హాకెన్‌హైమ్ చివరి ల్యాపు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆయన పాత ప్రత్యర్థి వేన్ రెయినీ ముందున్నాడు. స్టేడియం మలుపులోకి వెళ్లేముందు ఇద్దరూ బ్రేకు పట్టాలి. రెయినీ పట్టాడు. ష్వాంట్జ్ పట్టలేదు, ఇంకా పట్టలేదు. పట్టేసరికి బండి వెనకభాగం గాలిలో అటూ ఇటూ ఊగుతోంది, ముందు టైరు మీదే మొత్తం బరువు. అయినా బండి మలుపు దాటిపోలేదు, లోపలివైపే తిరిగింది. ఆ ఒక్క మలుపును నేను టీవీలో ఆపి ఆపి చూశాను. ప్రతిసారీ ఈసారి పడిపోతాడనే అనిపిస్తుంది.

1993లో ఆయన ఛాంపియన్ అయ్యాడు. పాయింట్లలో ముందున్న రెయినీ మిజానోలో పడి ఛాతీ కింద చచ్చుబడిపోయిన ఏడాది అది. ఆ టైటిల్ గురించి సంతోషంగా మాట్లాడటం ఇప్పటికీ నావల్ల కాదు, ష్వాంట్జ్‌కూ అంత సులువు కాలేదు. 1995లో ఆయన తప్పుకున్నాక ఆయన బండి నంబరు 34ను ఆ తరగతిలో ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. 2000లో కెన్నీ రాబర్ట్స్ జూనియర్ నాలుగు రేసులు గెలిచి టైటిల్ తెచ్చాడు. తండ్రీకొడుకులిద్దరూ ఆ తరగతిలో ఛాంపియన్లవడం అదే మొదటిసారి.

500 సీసీ తరగతి స్థానంలో మోటోజీపీ వచ్చింది, ఆ ఫోర్-స్ట్రోక్ కాలం మీకు కలిసిరాలేదు. 2002 నుంచి 2011 దాకా ఒక్కటే గెలుపు: 2007లో లె మాన్‌లో, వానలో, క్రిస్ వెర్మ్యూలెన్. చివరి ఏడాది రేసు మొదలయ్యే వరసల్లో, గ్రిడ్ మీద, మీ బండి ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క బండి చుట్టూ అంతమంది మెకానిక్‌లు మౌనంగా పనిచేస్తుంటే చూడటం కష్టంగా ఉండేది. 2011 నవంబరులో తాత్కాలికంగా తప్పుకుంటున్నామన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. పోటీకి దూరంగా ఉన్న ఏళ్లలో మీ ఇంజనీర్లు నాలుగు సిలిండర్లూ ఒకే వరసలో ఉండే కొత్త ఇన్‌లైన్-ఫోర్ బండిని తయారుచేస్తూనే ఉన్నారు, 2013లో బార్సెలోనాకు తెచ్చి అందరి ముందు పరీక్షించారు. అనుకున్నదానికి ఒక ఏడాది ఆలస్యమైనా 2015లో జీఎస్ఎక్స్-ఆర్ఆర్‌తో వచ్చారు. ఈసారి కొస మీ చేతిలోనే ఉంది.

మేనేజరు డేవిడే బ్రివియో కట్టిన ఆ టీము చిన్నది. గ్రిడ్ మీద రెండే బండ్లు. తోడుగా ఇంకో టీము లేదు, కాబట్టి పోల్చి చూసుకునే సమాచారమూ సగమే. 2022 నాటికి డుకాటీ ఎనిమిది బండ్లు దింపింది. అయినా మీ బండి మలుపుల్లో మెత్తగా తిరిగేది, టైరును చివరిదాకా కాపాడేది. రేసు సగం అయ్యాక మీ బండ్లు ఒక్కొక్కళ్లనే దాటుకుంటూ రావడం మాకు అలవాటైపోయింది. 2016లో సిల్వర్‌స్టోన్‌లో మావెరిక్ వినాలెస్ గెలిచాడు. 2019లో అదే సిల్వర్‌స్టోన్‌లో అలెక్స్ రిన్స్ చివరి మలుపులో మార్క్ మార్కెజ్‌ను దాటి 0.013 సెకన్ల తేడాతో గెలిచాడు. కన్ను ఒకసారి ఆర్పడానికి పట్టే కాలంలో పదో వంతు కూడా కాదది. 2020లో, కంపెనీగా నమోదై నూరేళ్లూ రేసింగ్‌కు అరవై ఏళ్లూ నిండిన ఏడాదిలో, తొమ్మిదిమంది వేర్వేరు రైడర్లు గెలిచిన గందరగోళం మధ్య, జువాన్ మిర్ ఒకే ఒక్క రేసు గెలిచి, ఏడుసార్లు మొదటి ముగ్గురిలో ఒకడిగా పోడియం ఎక్కి ఛాంపియన్ అయ్యాడు. రిన్స్ మూడో స్థానం. టీము టైటిల్ కూడా మీదే. రెండు బండ్ల టీము!

ఇక 2022.

ఏప్రిల్ 24, పోర్చుగల్. ఆ రేసు ముగిసేసరికి ఛాంపియన్‌షిప్ పట్టిక పైన ఇద్దరు సమానంగా ఉన్నారు: ఫాబియో క్వార్తరారో 69, అలెక్స్ రిన్స్ 69. తర్వాతి వారం హెరెజ్‌లో రేసు. ఆ మర్నాడు, మే 2న, అక్కడే పరీక్షా పరుగుల రోజు. బండ్లు బయటికి తీసి, టైర్లకు వేడి దుప్పట్లు చుట్టి, కొత్త సామాను బిగించి పనిచేసుకునే రోజు. ఆ రోజే టీముకు తెలిసింది, ఈ ఏడాదితో సరి అని. అప్పటికి పోటీల నిర్వాహక సంస్థ డోర్నాతో 2026 దాకా ఒప్పందం ఉంది. మే 12న మీ ప్రకటన వచ్చింది: ఆర్థిక పరిస్థితి, వాహన రంగంలో వస్తున్న పెద్ద మార్పుల మీద శ్రద్ధ పెట్టాలి. జూలైలో ఒప్పందం రద్దయింది. గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ ప్రపంచ పోటీల నుంచి కూడా ఆ ఏడాదితోనే తప్పుకున్నారు.

మీ కారణాలను తీసిపారేయను. కార్లూ బైకులూ పడవ ఇంజన్లూ చేసే మీరు మీ పోటీదార్లతో పోలిస్తే చిన్న సంస్థ. విద్యుత్ బండ్ల పని డబ్బును మింగేస్తుంది. ఇంటి ఖర్చు కోసం పొలం అమ్ముకున్నవాణ్ణి ఎవరూ తిట్టరు. కానీ పొలం అమ్మేముందు, దాన్ని దున్నుతున్న మనిషికి ఒక మాట చెబుతారు. వారం కిందటే పట్టికలో మొదటి స్థానంలో కూర్చున్న టీముకు, ఏడాది మధ్యలో, సాధన రోజున ఆ మాట చెప్పిన తీరు మాత్రం నాకు మింగుడుపడదు. ఆ గ్యారేజీలో పిల్లల చదువులున్నవాళ్లు, ఇంటి అప్పులున్నవాళ్లు ఉంటారు. రైడరుకు వేరే టీము దొరుకుతుంది. లారీ డ్రైవరుకు, టైర్లు చూసే మనిషికి అంత త్వరగా దొరకదు.

అప్పుడు వాళ్లేం చేశారో మీరు చూశారు. అక్టోబరులో ఫిలిప్ ఐలాండ్‌లో రిన్స్ పదో స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచాడు. నవంబరు 6న వలెన్సియాలో, మీ చివరి రేసులో, ఐదో స్థానం నుంచి మొదటి మలుపులోనే ముందుకు వెళ్లి చివరి గీతదాకా ఎవరికీ దారి ఇవ్వలేదు. ఆరు నెలల కిందటే తమకు ఉద్యోగం లేదని తెలిసిన మనుషులు బిగించిన నట్లు, వాళ్లు సరిచూసిన గాలి ఒత్తిడి, వాళ్లు మార్చిన బ్రేకు ప్యాడ్‌లు ఆ బండిని 27 ల్యాపులు ముందు నిలబెట్టాయి. ఎవరు అడిగారు వాళ్లని? చివరి రోజున బండిని పక్కన నిలబెట్టేసి వెళ్లిపోయినా ఎవరూ తప్పనేవారు కాదు. నేను ఆ రేసు చూసి చాలాసేపు లేవలేదు.

తర్వాత అందరూ చెదిరిపోయారు. మీ సాంకేతిక బాధ్యతలు చూసిన కెన్ కవావుచి హోండాకు వెళ్లారు. మిర్ టైటిల్ వెనక ఉన్న క్రూ చీఫ్, అంటే ఆయన మెకానిక్‌ల పెద్ద, ఫ్రాంకీ కార్చెడీ డుకాటీ నడిపే గ్రెసినీ టీముకు. రైడర్లిద్దరూ హోండా బండ్లెక్కారు. 2023లో ఆస్టిన్‌లో రిన్స్ ఆ హోండా మీద కూడా గెలిచాడు. ఇదంతా మీ దగ్గర తయారైన మనుషుల విలువ. 1968లో మీ బండ్లు బయట ఉన్నాయి. 1984లో మీ టీములు బయట ఉన్నాయి. 2012లో మీ ఇంజనీర్లు లోపల ఉన్నారు. 2022 తర్వాత గ్రాండ్ ప్రి మైదానంలో మీ పేరుతో ఏమీ మిగల్లేదు. నాలుగోసారికీ మిగతా మూడింటికీ తేడా ఇది.

అయితే ఒకటి జరిగింది. 2024లో మీరు సుజుకా 8 గంటల రేసుకు వచ్చారు. సంస్థ ఉద్యోగులతోనే కట్టిన టీము, 40 శాతం జీవ ఇంధనం, జీఎస్ఎక్స్-ఆర్1000ఆర్. ముందుండి నడిపింది, మోటోజీపీ రోజుల్లో టీమును మోసిన షినిచి సహారా గారే. ఎనిమిదో స్థానంలో గీత దాటారు. ఆ వార్త చదివినప్పుడు నాకు 1960 నాటి 15, 16, 18 గుర్తొచ్చాయి. మోటోజీపీ కూడా మీరు చూస్తున్న వైపే తిరుగుతోంది. 2027 నుంచి అక్కడ 850 సీసీ ఇంజన్లు, పూర్తిగా శిలాజేతర ఇంధనం, బండిని కిందికి దించే పరికరాలకు నిషేధం. మీరు వెళ్లిపోవడానికి చెప్పిన కారణాల్లో సగానికి ఆ నిబంధనల్లోనే జవాబు ఉంది.

రేపే తిరిగి రమ్మని నేను అడగడం లేదు. అది మీ డబ్బు, మీ లెక్క. రావాలని మనసులో ఉంది, దాచుకోను. కానీ వచ్చినా రాకపోయినా చేయగలిగినవి అడుగుతున్నాను.

జీఎస్ఎక్స్-ఆర్ఆర్ బండ్లను పరుగు పెట్టించండి. ఆర్‌జీవీ మీద ష్వాంట్జ్, ఆర్‌జీ500 మీద ఆ తరం మనుషులు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ప్రదర్శన ల్యాపులు తిరిగితే జనం కంచెల దగ్గరికి పరిగెత్తి వస్తారు. రేసు బండి అద్దాల పెట్టెలో ఉంటే దాని సగం మాటే వినిపిస్తుంది. ఆ ఇన్‌లైన్-ఫోర్ శబ్దం వినని పిల్లలు పెరుగుతున్నారు. ఒకటి రెండు బండ్లనైనా విశ్వవిద్యాలయాలకో యువ ఇంజనీర్లకో విప్పి చూడటానికి ఇవ్వండి. 125 బండిని ఒక లండన్ కుర్రాడి చేతికి వెళ్లనిచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు.

తిరిగి వచ్చే రోజు వస్తే, బయటి టీములకు కూడా బండ్లు ఇవ్వండి. 1976ను గుర్తుచేసుకోండి. తప్పుకోవాల్సిన రోజే వస్తే, ఎంత ముందుగా చెబుతారో ఒప్పందంలోనే రాసిపెట్టండి. నిర్వాహకులతో చేసుకునే ఒప్పందంలో కాదు, మెకానిక్‌తో చేసుకునే దాంట్లో.

చివరిది, అన్నిటికంటే ముందు చేయాల్సింది. మీ రేసింగ్ చరిత్రను మనుషుల పేర్లతో రాయించండి. టైటిళ్ల జాబితా మాకు కంఠస్థం: షీన్, లుక్కినెల్లి, ఉన్చీనీ, ష్వాంట్జ్, రాబర్ట్స్, మిర్. నేను అడిగేది ఆ పద్నాలుగు గేర్లను కోసినవాళ్ల పేర్లు. డేటోనాలో షీన్ పడిన రాత్రి ఆ టైరును చేతిలో పట్టుకుని చూసినవాళ్ల పేర్లు. వలెన్సియాలో చివరిసారి గ్యారేజీ షట్టరు దించినవాళ్ల పేర్లు. 1960ల్లో పనిచేసినవాళ్లలో ఇంకా ఉన్నవాళ్లు ఎనభైలు దాటారు. వాళ్ల దగ్గరికి ఒక రికార్డరు పట్టుకుని వెళ్లడానికి బోర్డు తీర్మానం అక్కర్లేదు, ఒక మనిషి, ఒక వారం చాలు. హమామత్సులోని మీ సుజుకీ ప్లాజాలో ఒక గోడ దానికి కేటాయించండి.

ఆ గోడ మీద పైవరసలో ఛాంపియన్లను పెట్టకండి. 15వ స్థానంలో వచ్చిన తోషియో మాత్సుమోతోతో మొదలుపెట్టండి. ఆయన పక్కన ఇచినో, ఫే. ఆ తర్వాత ఆ మూడు బండ్లను ఆ దీవిలో రాత్రంతా విప్పి బిగించిన మెకానిక్‌ల పేర్లు.

మీ టీము అభిమాని